ఆటలోని వేషము – ఆటగాని స్వరూపము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుటకు నన్ను నియోగించిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. నేను సహకార సంఘమున చిట్టా ఆవర్జాలు వ్రాసికొని జీవించువాడను. గురుముఖమున కావ్యపాఠము చెప్పించుకొను భాగ్యము నాకు కలుగలేదు. ఈ గ్రంథాలయపు బీరువాలలోని భారత భాగవతములే నాకు గురువులు. అట్టివానిని తిక్కన సోమయాజిని గూర్చి మాటలాడుమనిన కొంత సులభముగ నుండెడిది. కాని కార్యవర్గమువారు నాకు అప్పగించిన విషయము వేరు. కంప్యూటరు మీదను, సెల్‌ఫోను మీదను మన యువకులు ఆడు అద్భుతకథల ఆటలలో యోధుడనియు, మాంత్రికుడనియు, వైద్యుడనియు, దొంగయనియు వేషములు కలవు. ఆ వేషములను గూర్చియు, వానిని ధరించు మనుష్యుని గూర్చియు చెప్పుమని వారి ఆజ్ఞ.

ఈ విషయమునే ఏల కోరిరో నాకు తెలియును. మన యూరి తల్లిదండ్రులు పలువురు ఈ మధ్య ఒకే మాట చెప్పుచున్నారు: "మావాడు గదిలో కూర్చుండి తెరవంక చూచుచుండును, అక్కడ వాడెవరో, ఏమి చేయుచున్నాడో మాకు తెలియదు." ఈ మాటలో కోపముకంటె భయము హెచ్చుగ నున్నది. కన్నబిడ్డ తన యెదుటనే కూర్చుండి పరాయివాడగుచున్నాడను భయమది. ఆ భయమునకు సమాధానము వెదకుటయే నా యీ ప్రసంగమునకు ప్రయోజనము.

ముందుగా ఈ వేషము సంగతి తెలిసికొందము. మన పిల్లలు దీనిని "క్లాసు" అందురు. బడిలోని తరగతికిని దీనికిని సంబంధము లేదు. ఆట మొదలిడుటకు పూర్వము ఆటగాడు తానేమి చేయగల మనుష్యుడై ఆ లోకమున పుట్టదలచెనో ఎన్నుకొనవలెను. ఆ యెన్నికయే క్లాసు. కత్తి పట్టువాడు మంత్రము చదువలేడు. మంత్రము చదువువాడు కవచము తొడుగలేడు. ఒక్కొక్క క్లాసునకు కొన్ని శక్తులు, కొన్ని లోపములు నియమింపబడి యుండును.

ఇది ఎక్కడ పుట్టినది? 1974వ సంవత్సరమున అమెరికాలో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను ఆట వెలువడినది. నేలమాళిగలును, రెక్కల సర్పములును అని దాని పేరునకు అర్థము. దానిని కల్పించినవారు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు. దానికి కంప్యూటరు అక్కరలేదు. బల్లచుట్టు కూర్చుండిన నలుగురైదుగురు మిత్రులు, కాగితము, పెన్సిలు, పాచికలు చాలును. అంతకు పూర్వము బొమ్మ సైనికులను బల్లపై నిలిపి యుద్ధములాడుట అక్కడ వాడుకలో నుండెను. ఆ యాటలలో ఒక్కొక్క ఆటగాడు ఒక సేనను నడుపును. ఈ క్రొత్త ఆటలో ఆటగాడు సేనను విడిచి ఒక్క మనుష్యుడయ్యెను. ఆ మనుష్యునికి పేరు పెట్టెను. వాని నోటితో తాను మాటలాడెను. వానికి గాయమైన "నాకు గాయమైనది" అని చెప్పెను. ఆట మనస్సులోనికి ప్రవేశించినది ఇక్కడనే.

1974 నాటి పుస్తకములలో క్లాసులు మూడు మాత్రమే: యోధుడు, మాంత్రికుడు, మతాచార్యుడు. మతాచార్యుడు గాయములు మాన్పగలడు, యుద్ధమును చేయగలడు. కాని పదునైన అంచుగల ఆయుధము పట్టరాదని నియమము. 1975లో వెలువడిన అనుబంధ గ్రంథమున దొంగ చేరెను. తాళములు తీయుట, చప్పుడు లేక నడచుట, గోడలెక్కుట వాని విద్యలు.

ఇక లెక్కలు వ్రాయువానికి ముచ్చట గొలుపు సంగతి యొకటి కలదు. ఈ ఆటలో ప్రతి మనుష్యునికి ఒక కాగితముండును. అది వాని ఆవర్జా. అందు బలము, బుద్ధి, వివేకము, చురుకుదనము, దేహదార్ఢ్యము, ఆకర్షణ అను ఆరు గుణములు అంకెలలో వ్రాయబడును. 1974 నాటి నియమముల ప్రకారము ఆరు ముఖముల పాచికలు మూడు వేసి, వచ్చిన మొత్తమును ఒక్కొక్క గుణమునకు జమ కట్టెడివారు. కనుక ఏ గుణమైనను 3నకు తగ్గెడిది కాదు, 18ని మించెడిది కాదు. మూడు పాచికలు పడు విధములు 216. అందు 18 వచ్చు విధము ఒక్కటే. 10 వచ్చు విధములు 27, 11 వచ్చు విధములు 27. అనగా అసాధారణుడు బహు అరుదు, సామాన్యుడే సర్వత్ర. ధర్మరాజు సర్వస్వమును పోగొట్టుకొన్నది పాచికలతోనే గదా. ఈ ఆటలో మనుష్యుడు పుట్టుటయే పాచికలతో. వచ్చిన అంకెలు మన చేతిలో లేవు. ఆ అంకెలతో ఏ క్లాసును కైకొని ఏమి చేయుదమో, అది మన చేతిలో నున్నది. మనుష్యజన్మను గూర్చి పెద్దలు చెప్పినదియు ఇంచుమించు ఇదియే.

మనుష్యులను ఇట్లు వర్గములుగ విభజించుట మన సాహిత్యమున క్రొత్త కాదు. ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధములుగ చెప్పిరి. ఓరుగల్లున ప్రతాపరుద్ర చక్రవర్తి ఆస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయము నాయక ప్రకరణముతోనే ఆరంభమగును. కాని భేదమొకటి కలదు. ఆలంకారికుడు కావ్యమును చూచి నాయకుడెట్టివాడో నిర్ణయించును. ఈ ఆటలో కథ ఇంకను పుట్టలేదు. నాయకుడు ముందుగ తన వర్గమును ఎన్నుకొని, పిమ్మట కథలోనికి అడుగిడును. చదువరియే నాయకుడైన కావ్యమనిన తప్పు లేదు.

ఈ ఆటను కంప్యూటరులోనికి తెచ్చుటకు ఎంతో కాలము పట్టలేదు. 1981లో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనువారు నిర్మించిన "విజార్డ్రీ" ప్రకటింపబడెను. అందు ఆటగాడు ఆరుగురు మనుష్యుల జట్టును కూర్చుకొని చీకటి మాళిగలలోనికి దిగవలెను. ఆరుగురిని యోధులనే కూర్చిన గాయములు మాన్పువాడు లేక నశింతురు. ఆరుగురిని మాంత్రికులనే కూర్చిన మొదటి దెబ్బకే కూలుదురు. పెట్టెకు పన్నిన ఉచ్చును విప్పుటకు దొంగయు కావలెను. చూచితిరా! క్లాసునకు విధించిన లోపమే సాంగత్యమునకు మూలమగుచున్నది. అన్నియు చేయగలవాడు ఎవ్వరిని పిలువడు. ఈ నియమమును వ్రాసినవారు వినోదము కొరకే వ్రాసి యుందురు. కాని మన యూరిలో కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, మంత్రసాని ఒకరికొకరు కావలసి బ్రతికిన నాటి బుద్ధియు ఇందు కలదు.

మన పాతయూరి వ్యవస్థలో మరొక పార్శ్వము కూడ నుండెను. అక్కడ పని పుట్టుకతో వచ్చెడిది. కావలసిన పనిని కోరుకొను స్వేచ్ఛ పలువురకు లేకుండెను. ఈ ఆటల చరిత్రలోను ఆ మచ్చ కలదు. 1974 నాటి నియమములలో ఆటగాడు మనుష్యుడై పుట్టవచ్చును, మరుగుజ్జు జాతివాడై పుట్టవచ్చును, ఎల్ఫ్ అను వనవాసి జాతివాడై పుట్టవచ్చును. మనుష్యుడు ఎన్ని మెట్లయినను ఎక్కవచ్చును. మరుగుజ్జు జాతి యోధుడు ఆరవ మెట్టు దాటరాదు. హాబిట్ అను పొట్టిజాతి యోధుడు నాలుగవ మెట్టు దాటరాదు. వాడెంత సాహసము చేసినను, ఎన్ని యుద్ధములు గెలిచినను అంతియే. 1978లో అచ్చయిన ఆటగాండ్ర పుస్తకమున స్త్రీ పాత్రల బలమునకు పురుష పాత్రలకంటె తక్కువ హద్దును విధించిరి. పాచిక ఇచ్చినను నియమము ఇయ్యలేదన్నమాట.

కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన రంగమున కర్ణుడు నిలిచినప్పుడు వాని విద్యను అడుగక కులమును అడిగిరి. ఆ ఘట్టము చదివినప్పుడెల్ల మన మనస్సు నొచ్చును. కల్పితలోకమున సైతము మనుష్యుడు అదే ప్రశ్నను వ్రాసికొనుట విచారింపదగినది. అయితే సంతోషింపదగిన సంగతి, ఆ వ్రాతను తుడిచినవారును ఆటగాండ్రే. 1989లో వెలువడిన రెండవ కూర్పున స్త్రీల బలమునకు పెట్టిన హద్దు తీసివేయబడెను. 2000లో వచ్చిన మూడవ కూర్పున ఏ జాతివాడైనను ఏ క్లాసునైనను కైకొని ఎంత దూరమైనను పోవచ్చునని నిర్ణయించిరి. 2024 నాటి పుస్తకమున "జాతి" అను పాత మాటనే విడిచిపెట్టి, గుణములకు కలుగు అదనపు అంకెలు పుట్టుకను బట్టి కాక, ఆ మనుష్యుడు పూర్వమున చేసిన జీవనమును బట్టి కలుగునట్లు మార్చిరి. రైతై పెరిగినవానికి రైతు అనుభవము, లేఖకుడై పెరిగినవానికి లేఖకుని అనుభవము. ఈ యేబది వత్సరములలో పుట్టుక గీసిన గీతలు ఒక్కొక్కటిగ చెరిగినవి. నియమము మనుష్యుడు వ్రాసినదే గనుక మనుష్యుడు మార్చగలడని ఇంతకంటె సులభముగ పిల్లలకు బోధించు మార్గము నాకు తోచుట లేదు.

జపాను దేశమున 1988లో వెలువడిన "డ్రాగన్ క్వెస్ట్" మూడవ భాగమున మరియొక విశేషము కలదు. అందు ఇరువదవ మెట్టు చేరినవాడు ఒక దేవాలయమునకు పోయి తన వృత్తిని మార్చుకొనవచ్చును. మార్చుకొన్నవాడు మరల మొదటి మెట్టునుండి ఆరంభింపవలెను, బలములు సగమగును, కాని నేర్చిన మంత్రములు మాత్రము పోవు. యాబదియేండ్ల వయస్సున క్రొత్త విద్య నభ్యసింప బూనిన నావంటివానికి ఈ నియమములోని న్యాయము బాగుగ అర్థమగును. ఆ ఆటలోనే వర్తకుడను వృత్తి కలదు. యుద్ధములో వాని బలము స్వల్పము, కాని ఒక క్రొత్త పట్టణమును నిలబెట్టుటకు వాడే కావలెను. తుంటరి యను మరొక వృత్తి కలదు. వాడు యుద్ధము నడుమ మాట వినక పరిహాసములాడుచు కాలము వృథా చేయును. ఎవ్వరును వానిని జట్టులో చేర్చుకొన నిష్టపడరు. కాని ఓర్పుతో వానిని ఇరువదవ మెట్టు వరకు వెంట నడిపించినచో, వాడు జ్ఞాని యగుటకు అర్హుడగును. ఇతరులకు జ్ఞానియగుటకు దుర్లభమైన గ్రంథమొకటి కావలెను. తుంటరికి అది అక్కరలేదు. పనికిమాలినవాడని ఇంటనొక బాలునికి పేరు పెట్టిన పెద్దలు ఈ ముక్కను జ్ఞాపకముంచుకొనిన మేలు.

ఇప్పుడు నా మనస్సునకు మిక్కిలి నచ్చిన ఆటను గూర్చి చెప్పెదను. 1985లో రిచర్డ్ గారియట్ అను నతడు "అల్టిమా" నాలుగవ భాగమును వెలువరించెను. దాని పేరులో "అవతార్" అను మాట కలదు. అది మన సంస్కృత పదమే. సాధారణముగ ఇట్టి ఆటలలో చివర ఒక దుష్టుని చంపుట లక్ష్యము. ఈ ఆటలో అట్టి దుష్టుడు లేడు. ఎనిమిది సద్గుణములను సాధించి అవతారపురుషుడగుటయే లక్ష్యము. అవి సత్యము, కరుణ, శౌర్యము, న్యాయము, త్యాగము, గౌరవము, ఆధ్యాత్మికత, వినయము.

ఇందు క్లాసును ఆటగాడు నేరుగ ఎన్నుకొనడు. సోదె చెప్పు స్త్రీ యొకతె వానికి ధర్మసందేహములను ఒకదానివెంట ఒకటి ఇచ్చును. సత్యము పలుకుటయా, కరుణ చూపుటయా అని రెండు మంచివాని నడుమ నిలిపి ఒకటి కోరుకొమ్మనును. చివరకు ఏ గుణము మిగిలెనో దానిని బట్టి క్లాసు నిర్ణయమగును. సత్యమునకు మాంత్రికుడు, కరుణకు గాయకుడు, శౌర్యమునకు యోధుడు. వినయమును కోరినవాడు గొఱ్ఱెలకాపరి యగును. గొఱ్ఱెలకాపరి ఆ ఆటలో అందరికంటె దుర్బలుడు. వాని ప్రయాణము పాడుపడిన యొక పట్టణమునుండి మొదలగును. వినయమును కోరుకొన్నవానికి వినయము నేర్చుకొను స్థితియే లభించినదని నేను భావించుచున్నాను.

అందులోని అంగడి నొకదానిని గూర్చి విన్నప్పుడు నాకు కలిగిన ఆనందము ఇంతయంత కాదు. మంత్రములకు కావలసిన మూలికలు అమ్ము స్త్రీ గ్రుడ్డిది. ఆమె వెల చెప్పును. కొనువాడు తానిచ్చు రొక్కము నెంతయో తానే చెప్పి చెల్లింపవలెను. ఒక్క నాణెమిచ్చి మూటెడు మూలికలు తీసికొనిపోయినను ఆమె యేమియు అనదు. ఆట యేమియు అనదు. మూలికలు చేతికి వచ్చును. కాని ఎచటనో కనబడని ఆవర్జాలో వాని సత్యము పేర ఖర్చు వ్రాయబడును. బహుదినముల పిమ్మట సత్యమున సిద్ధి పొందనెంచి వచ్చినప్పుడు, వాడు తాను ఏనాడో గ్రుడ్డిదానికి చేసిన మోసమును అనుభవించును. ముప్పదియేండ్లుగ లెక్కలు వ్రాయుచున్నవాడను. తనిఖీదారు రాడని తెలిసినను జమాఖర్చు సరిగ వ్రాయవలెనని చెప్పుటకు ఇంతకంటె చక్కని దృష్టాంతమును నేనెరుగను.

ఇట్లు ఎన్నుకొన్న వేషమునకును ఎన్నుకొన్న మనుష్యునకును సంబంధమెట్టిది? ఇది నేటి ప్రధాన ప్రశ్న. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు పలువురు ఒకేసారి ప్రవేశింపగల ఆటలోకమును నిర్మింప నారంభించిరి. అక్షరములు తప్ప అందు బొమ్మలు లేవు. ఆ బార్టిలే 1996లో ఒక వ్యాసము వ్రాసి, ఆటగాండ్రు నాలుగు తెగలుగ కనబడుదురని చెప్పెను: పైమెట్టు నెక్కుట కొరకు ఆడువారు, తెలియని చోట్లు చూచుట కొరకు ఆడువారు, మనుష్యులతో మాటలాడుట కొరకు ఆడువారు, ఇతరులను ఓడించుట కొరకు ఆడువారు. గమనింపుడు: ఇవి క్లాసులు కావు. ఇద్దరు పిల్లలు ఇద్దరును యోధులై యుండవచ్చును. ఒకడు స్నేహితులకు అడ్డు నిలుచుటకు యోధుడయ్యెను. మరొకడు దుర్బలులను ఏడిపించుటకు యోధుడయ్యెను. వేషమొక్కటే, మనస్సులు రెండు. కావున తెరమీది కత్తిని చూచి లోపలి మనుష్యుని నిర్ణయింపరాదు.

వేషము మనుష్యుని ఊరక విడువదు. నిక్ యీ, జెరమీ బెయిలెన్సన్ అను పరిశోధకులు 2007లో ఒక పరిశోధనను ప్రకటించిరి. కల్పితలోకమున కొందరికి పొడుగు రూపమును, కొందరికి పొట్టి రూపమును ఇచ్చి, ధనమును పంచుకొను బేరము చేయించిరి. పొడుగు రూపము పొందినవారు గట్టిగ బేరమాడిరి; పొట్టి రూపము పొందినవారు అన్యాయమైన పంపకమునకును ఎక్కువగ ఒడంబడిరి. వారి నిజమైన దేహములు ఎప్పటివలెనే యున్నవి. మారినది వేషము మాత్రమే. వేషగాడు వేషమును ధరించుట యెంత నిజమో, వేషము వేషగానిని తీర్చుటయు అంత నిజము.

ఈ రహస్యమును విరాటపర్వము మనకు ఎప్పుడో చెప్పినది. తిక్కన సోమయాజి ఆంధ్ర భారత రచనకు ఆ పర్వముతోనే శ్రీకారము చుట్టెను. అజ్ఞాతవాసమునకు పోవు పాండవులు ఒక్కొక్కరు తమకు తామే వృత్తి నెన్నుకొనిరి. ధర్మరాజు కంకుడై కొలువులో కూర్చుండెను. భీముడు వలలుడై వంటయిల్లు చేరెను. అర్జునుడు బృహన్నలయై నాట్యము నేర్పెను. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను కాచిరి. ద్రౌపది సైరంధ్రి యయ్యెను. ఎవ్వరును తమకు చేతగాని పనిని కోరుకొనలేదు. ప్రతివాని వేషమున వాని స్వభావమునందలి ఒక భాగము దాగియే యున్నది. ద్రౌపదికి అవమానము కలుగగనే వలలునిలో భీముడు మేల్కొనెను. ఉత్తరుడు బెదరి రథము దిగి పారినప్పుడు బృహన్నలలో అర్జునుడు మేల్కొనెను. వేషము మనుష్యుని దాచును. కాని ఇతరులకు ఆపద వచ్చిన గడియలో వాడెవడో వేషమే బయటపెట్టును.

ఇందులకు నేటి కాలపు నిదర్శనము నార్వే దేశమున కలదు. మాట్స్ స్టీన్ అను యువకుడు 1989లో జన్మించెను. డుషేన్ అను కండరముల క్షయవ్యాధి వానిని బాల్యముననే పట్టెను. చక్రముల కుర్చీయే వాని ఆధారమయ్యెను. పోను పోను వ్రేళ్లు మాత్రమే కొంత కదలినవి. వాడు "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" అను ఆటలో దినములు గడుపుచుండెను. 2004లో ఆరంభమైన ఆ ఆటలో నాడు క్లాసులు తొమ్మిది. దెబ్బలకు ఎదురు నిలుచువాడు, గాయము మాన్పువాడు, శత్రువును కొట్టువాడు అని పని పంచుకొని, గొప్ప యుద్ధములలో నలువదిమంది వరకు ఒకేసారి కలిసి పోరాడెడివారు. కావున ఆటగాండ్రు సంఘములు కట్టుకొందురు. వానిని గిల్డులందురు. మన పూర్వులు శ్రేణి యని పిలిచిన దానివంటివే యవి.

మాట్స్ 2014లో ఇరువదియైదేండ్ల ప్రాయమున మరణించెను. తలిదండ్రుల పుత్రశోకమునకు తోడు మరొక వ్యథ యుండెను. తమ బిడ్డ స్నేహమనునది యెరుగక, ఒంటరిగ బ్రతికి ఒంటరిగ పోయెనని వారు తలచిరి. వాడు ఇంటర్నెట్టులో వ్రాసికొనుచుండిన పుటలో వాని మరణవార్తను ప్రకటించిరి. అప్పుడు ఉత్తరములు రానారంభించినవి. ఒకటి, రెండు, పది, దేశదేశములనుండి. ఆ యుత్తరములు వ్రాసినవారు మాట్స్‌ను ఎన్నడును చూచినవారు కారు. వారు చూచినది "ఐబెలిన్" అను వీరుని. స్టార్‌లైట్ అను గిల్డున ఐబెలిన్ వారికి మిత్రుడు, దుఃఖమున ఓదార్చువాడు, మంచి సలహా చెప్పువాడు. కుమారునికి దగ్గర కాలేక కుములు నొక తల్లికి, ఆ కుమారుడు తిరుగు ఆటలోకముననే వానిని కలిసికొమ్మని చెప్పినవాడతడే. గిల్డు మిత్రులు కొందరు పరదేశములనుండి ఓస్లో నగరమునకు వచ్చి వాని అంత్యక్రియలలో పాల్గొనిరి. 2024లో ఆ కథను బెంజమిన్ రీ అను దర్శకుడు చలనచిత్రముగ వెలువరించెను.

నడువలేని బాలుడు ఆ లోకమున పరుగెత్తెననుట ఒక విశేషమే. కాని ఆ యుత్తరములు వ్రాసినవారు వాని పరుగును తలచుకొని వ్రాయలేదు. వాని కత్తిని, వాని మెట్టును తలచుకొని వ్రాయలేదు. వాడు తమ మాట వినెననియు, తమ కష్టమునకు నిలిచెననియు వ్రాసిరి. వాని ఆవర్జాలోని అంకెలలో ఆ దయకు గడి లేదు. క్లాసు వానికి చోటు నిచ్చెను. ఆ చోట వాడు చేసిన పని వానికి పేరు నిచ్చెను. ఆటగాని స్వరూపమును గూర్చి నేను చెప్పవలసినది ఇంతయే.

ఇట్లు చెప్పినంతమాత్రమున ఆటలన్నియు మేలే చేయునని ఎవ్వరును భ్రమపడరాదు. జమ వ్రాసి ఖర్చు వ్రాయకపోవుట నా వృత్తికి తగదు. ఆటను అదుపు చేసికొనలేక, నిత్యకృత్యములను విడిచి, చెరుపు కనబడుచున్నను మానలేకపోవుటను ప్రపంచ ఆరోగ్యసంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరినుండి అమలులోనికి వచ్చెను. మరియు కొన్ని ఆటలలో పెట్టెలు అమ్ముదురు. పెట్టెలో ఏమున్నదో తెలియకయే రొక్కము చెల్లించి తెరువవలెను. 2018లో బెల్జియము దేశపు జూదనియంత్రణ సంస్థ ఇట్టి పెట్టెలు తమ జూదచట్టమునకు విరుద్ధమని నిర్ణయించెను. పాచికలతో పాత్రను పుట్టించుట వేడుక. పాచికలకు తండ్రి కష్టార్జితమును ఒడ్డుట ద్యూతము. సభాపర్వము చదివినవారికి ఈ రెంటి భేదమును విప్పి చెప్పనక్కరలేదు.

కావున తల్లిదండ్రులకు నా మనవి యొకటి. పిల్లవాడు తెరముందు కూర్చుండినప్పుడు "ఎన్ని గంటలు?" అను ప్రశ్న అడుగవలసినదే, దానికి తోడు మరి రెండు ప్రశ్నలడుగుడు. "నాయనా, నీవు అక్కడ ఎవరవు? ఆ క్లాసునే ఏల కోరితివి?" అని అడుగుడు. పిల్లవాడు మొదట విస్తుపోవును. తరువాత చెప్పును. నేను ఈ ప్రసంగము కొరకు మన గ్రంథాలయమునకు వచ్చు కొందరు విద్యార్థులను అడిగితిని. బడిలో నోరు మెదపని బాలిక యొకతె, తాను గాయములు మాన్పు క్లాసునే ఎప్పుడును కోరుదుననియు, "నేను లేకపోతే అందరూ పడిపోతారండీ" అనియు చెప్పినది. ఆమె ఇంటనున్నవారికి ఆ సంగతి తెలియునో లేదో! మాట్స్ తలిదండ్రులకు ఆ జవాబు బిడ్డ మరణానంతరము లభించెను. మనకు ఇప్పుడే లభింపగలదు, అడిగిన చాలును.

యువకులారా, మీకును ఒక మాట. అక్కడ గాయములు మాన్పువారు ఇక్కడ జ్వరముతో నున్న అవ్వకు మందు అందింపుడు. అక్కడ జట్టునకు అడ్డు నిలుచువారు ఇక్కడ బడిలో ఒకనిని పదుగురు పరిహసించునప్పుడు వాని ప్రక్క నిలువుడు. గ్రుడ్డి మూలికలమ్మికి అక్కడ వెల సరిగ చెల్లించినవారు ఇక్కడ గ్రంథాలయపు పుస్తకమును గడువులోపల తెచ్చి ఇండు. అట్లయిన మీ ఆటను ఆక్షేపించువారి నోరు మూయించుటకు మీకు వాదముతో పని యుండదు.

కడపట గ్రంథాలయమువారికి విన్నపము. ఈ ఆటలన్నిటికి ఆదియైన ఆటను కల్పించిన గైగాక్స్, 1979లో వెలువరించిన తన గ్రంథము చివర, తనకు స్ఫూర్తి నిచ్చిన కథకుల పేర్లను ఒక అనుబంధముగ అచ్చు వేసెను. అనగా ఆ లోకమంతయు పుస్తకముల బీరువానుండి పుట్టినదే. పుస్తకములు చదివినవాడే ఆటను కల్పించెను. ఆట ఆడినవాడు మరల పుస్తకమును చేరుటకు దారి వేయుట గ్రంథాలయ ధర్మము. విరాటపర్వమును, సింహాసన ద్వాత్రింశికను, కాశీమజిలీ కథలను పిల్లల చేతికి అందు అరలో ఉంచుడు. నెలకొక సాయంకాలము బల్లచుట్టు కూర్చుండి, కాగితము, పాచికలతో కథ నల్లుకొనుటకు వారికి చోటిండు. ఖర్చు స్వల్పము: పాచికలు మూడు, ఒక పలక, ఒక దీపము. అందు కూర్చుండిన పిల్లలు తమ తెలుగులో తమ కథను చెప్పుకొందురు. వారి ప్రక్కన కూర్చుండిన పెద్దలకు వారెవరో తెలియును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును చూచుగాక, నాటి సభలో ఇక్కడి పిల్లలే వక్తలగుదురుగాక యని కోరుచు విరమించుచున్నాను. స్వస్తి.